నాన్న మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ.. ఒళ్లంతా పాకినట్టేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 62 ఏళ్లు. 40 ఏళ్లుగా బీడీలు తాగుతారు. ఎండాకాలంలో రెండుసార్లు మూత్రం కుంకుమ నీళ్లలా ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందనుకొని సబ్జా నీళ్లు తాగించాం, తగ్గింది. మళ్లీ వస్తే స్కాన్ తీయించాం, గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో తీసేసి క్యాన్సర్ అన్నారు. రిపోర్టు పంపుతున్నాను. కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: కత్తి మాట నమ్మకండమ్మా. మూత్రం వచ్చే దారిలోంచి దుర్బీన్ పంపి గడ్డను గీకి తీశారు. అది వైద్యమే కాదు, పరీక్ష కూడా. అది చేయకుండా జబ్బు ఎంత లోతుకు దిగిందో చెప్పలేం.

మీ రిపోర్టులో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. గడ్డ రెండో పొరలోకి దిగిందని, పరీక్షకు వచ్చిన ముక్కల్లో కండరం లేదని రాశారు. అంటే కండరం బాగుందని కాదు, దాన్ని ఇంకా ఎవరూ చూడలేదని. చాలామంది ఇక్కడే పొరబడి ఇంట్లో కూర్చుంటారు.

మూత్రాశయం గోడకు లోపల పలుచటి పూతలాంటి పొర ఉంటుంది. ఈ క్యాన్సర్ ఎక్కువగా అక్కడే పుడుతుంది. దాని కింద సన్నటి రక్తనాళాలు, లింఫ్ (ఒంట్లోని ఒక పలుచటి ద్రవం) పారే నాళాలు ఉండే మెత్తటి పొర, ఆ తర్వాత మందపాటి కండరం, బయట కొవ్వు. కండరంలోకి దిగితే పాకే ముప్పు బాగా పెరుగుతుంది. అప్పుడు పక్కనున్న ప్రొస్టేట్‌కు అంటుకోవచ్చు. సాధారణంగా ముందు పొత్తికడుపు లింఫ్ గ్రంథులకు, తర్వాత రక్తంలో కలిసి ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలకు చేరుతుంది. కానీ ఈ జబ్బు బయటపడేనాటికి దాదాపు నలుగురిలో ముగ్గురికి కండరం దాకా పోయి ఉండదు.

అందుకే 2 నుంచి 6 వారాల్లోపు మళ్లీ దుర్బీన్‌తో అదే చోట లోతుగా ముక్క తీయించాలి. కండరం శుభ్రంగా ఉంటే, పసిపిల్లలకు టీబీ రాకుండా వేసే బీసీజీనే వారానికోసారి, 6 వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. ఇది మళ్లీ మొలిచే జబ్బు కాబట్టి మొదట్లో 3 నెలలకోసారి దుర్బీన్ పరీక్ష తప్పదు. కండరంలో ఉందని తేలితే ఛాతీకి, కడుపుకు సీటీ తీసి, కీమో ఇచ్చి మూత్రాశయం తీసేయడమో, రేడియేషనో ఆలోచిస్తారు.

ఇంకో మాట. మన నల్లగొండ వైపు నడుం నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి తోసేస్తాం. నాన్నకు కొత్తగా, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ఎముక నొప్పి వస్తే అలా వదిలేయకండి. వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

బీడీ ఈరోజే మాన్పించండి. పొగలోని విషం రక్తంలో చేరి, మూత్రంలోకి దిగి, గంటల తరబడి ఆ పొరనే తాకుతూ ఉంటుంది. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కలను మైనంలో పెట్టి దాచినవి) కూడా అడిగి తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీకి కావాల్సిన కార్డు మరిచిపోకండి.