ఏడాది తర్వాత బాబు మళ్లీ సాకర్ ఆడతానంటున్నాడు... పంపొచ్చా?

ప్రశ్న (2021 మార్చిలో వచ్చింది): డాక్టర్ గారూ, మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా బాబుకి 13 ఏళ్లు. ఆరేళ్లప్పటి నుంచి క్లబ్ సాకర్ ఆడుతున్నాడు. కిందటేడు మార్చి నుంచి ఆట లేదు. మధ్యలో కొన్నాళ్లు దూరం దూరంగా నిలబెట్టి డ్రిల్స్ చేయించారు, అంతే. ఈ జనవరి రెండో వారంలో మావారికీ బాబుకీ కోవిడ్ వచ్చింది. బాబుకి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు, ఓ పది రోజులు వాసన తెలియలేదు. అంతకుమించి ఇబ్బంది పడలేదు. వచ్చే సోమవారం నుంచి పూర్తి ప్రాక్టీస్ మొదలవుతుందని, తల్లిదండ్రులు సంతకం చేసిన పత్రం పంపాలని కోచ్ ఈమెయిల్ పెట్టారు. మొన్న వాళ్ల నాన్నతో పార్కులో పరిగెత్తి, పది నిమిషాలకే ఆయాసపడి కూర్చుండిపోయాడు. కోవిడ్ వచ్చిన పిల్లల గుండె దెబ్బతింటుందని వాట్సాప్‌లో చదివి నాకు నిద్ర పట్టడం లేదు. మా అత్తగారు కూడా మాతోనే ఉన్నారు. 68 ఏళ్లు, షుగర్, బీపీ. ఆమెకి కోవిడ్ రాలేదు. విజయవాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చి లాక్‌డౌన్‌తో ఇక్కడే ఉండిపోయారు. విజిటర్ వీసా కదా, టీకా అడిగితే ఏమంటారోనని వెళ్లలేదు. బాబును పంపమంటారా? మాస్కు పెట్టుకుని అంతసేపు పరిగెత్తగలడా?

జవాబు (ఇందులోని కోవిడ్, టీకా నియమాలు 2021 మార్చి నాటివి): పంపండమ్మా. వచ్చే సోమవారం మాత్రం వద్దు. ముందు మీ పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఆయన సరేనన్నాక కనీసం ఒక వారం మెట్టు మెట్టుగా ఆటలోకి దించండి. అప్పుడు ఆ పత్రం మీద సంతకం పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒకే ఒక్క మాట, ‘పది నిమిషాలకే ఆయాసపడి కూర్చుండిపోయాడు’ అన్నది. అది లేకపోతే నా జవాబు ఇంత పొడుగు ఉండేది కాదు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం జ్వరం నాలుగు రోజుల లోపు, ఒళ్లునొప్పులూ నీరసం వారం లోపు ఉంటే కోవిడ్ స్వల్పంగా వచ్చినట్టే లెక్క. మీవాడిది అదే. అలాంటి పిల్లలకు డాక్టర్ ఫోన్‌లోనో వీడియోలోనో గుండెకు సంబంధించిన ప్రశ్నలన్నీ అడిగి, అనుమానం ఏమీ లేకపోతే ఆటకు పంపవచ్చు. ఈసీజీ అక్కర్లేదు. జ్వరం నాలుగు రోజులు, ఆపైన ఉన్నవాళ్లకు, ఆస్పత్రిలో చేరినవాళ్లకు ఈసీజీ తీయాలి, అవసరమైతే గుండె డాక్టర్‌కి చూపించాలి. కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో కొందరు పిల్లలకు మళ్లీ జ్వరం వచ్చి, కళ్లు ఎర్రబడి, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి వస్తాయి. ఎంఐఎస్-సి అంటాం దాన్ని. అది వచ్చిన పిల్లలు మూడు నుంచి ఆరు నెలలు ఆటలకు దూరంగా ఉండాల్సిందే. మీ బాబుకు కోవిడ్ వచ్చి రెండు నెలలు దాటింది, ఇవేవీ కనపడలేదు కాబట్టి ఆ దిగులు పెట్టుకోకండి.

మరి ఆ ఆయాసం ఎందుకు? నాకు తోచినంతలో అది కూర్చుని కూర్చుని వచ్చిన ఆయాసం. మన బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఇళ్లకు తాళాలు పడింది 2020 మార్చి 17న. సరిగ్గా ఏడాది. పొద్దున లేస్తే జూమ్ క్లాసు, సాయంత్రం అదే కుర్చీలో వీడియో గేమ్. ఈ ఏడాదిలో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో అంతకుముందు చిరుతల్లా పరిగెత్తినవాళ్లు కూడా మెట్లెక్కి వచ్చి రొప్పుతున్నారు. అలా అలవాటు తప్పి వచ్చిన ఆయాసమైతే ఆగి నిలబడగానే రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. నాలుగు రోజులు వరసగా నడిస్తే, పరిగెడితే నిన్నటికన్నా ఇవాళ మెరుగ్గా ఉంటుంది.

గుండె కండరానికి వాపు వస్తే తీరు వేరుగా ఉంటుంది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, బరువు. ఊరికే కూర్చున్నా గుండెదడ. కళ్లు తిరగడం, ఆడుతూ ఆడుతూ స్పృహ తప్పడం. రోజులు గడిచేకొద్దీ ఆయాసం తగ్గకపోగా పెరగడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆట ఆపేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. స్పృహ తప్పితే ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి.

వాట్సాప్‌లో మీరు చదివింది పూర్తిగా అబద్ధమూ కాదు, మీరు భయపడుతున్నంతా కాదు. 2021 మార్చి మొదట్లో ఒక అధ్యయనం వచ్చింది. మేజర్ లీగ్ సాకర్‌తో పాటు ఇక్కడి పెద్ద లీగుల్లో ఆడుతూ కోవిడ్ వచ్చిన 789 మంది ప్రొఫెషనల్ ఆటగాళ్లకు గుండె పరీక్షలు చేస్తే వాపు కనిపించింది ఐదుగురిలో. వాళ్లు పెద్దవాళ్లు, పిల్లలు కాదు నిజమే. కానీ అంత కఠినంగా ఒళ్లు వంచేవాళ్లలోనే ఇది ఇంత అరుదన్నది గుర్తుంచుకోండి. అరుదైనదాన్ని ముందే పట్టుకోవడం మన చేతుల్లో ఉంది కాబట్టే మీవాడి విషయంలో ఫోన్‌తో సరిపెట్టొద్దని, నేరుగా తీసుకెళ్లి చూపించమని చెబుతున్నా. ఆయాసం సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. నా దగ్గరికి వస్తే మాత్రం నేను ఈసీజీ కూడా తీయిస్తాను. ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు, మీకు నిద్ర పడుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో రెండు పనులు చేయండి.

మొదటిది, బాబును ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. కోచ్ ముందు, స్నేహితుల ముందు, ముఖ్యంగా వాళ్ల నాన్న ముందు వద్దు. ఏడాది తర్వాత ఆట దొరికింది, కొద్ది వారాల్లో ట్రైఅవుట్లు (జట్టు ఎంపికలు) ఉంటాయి. ఛాతీలో నొప్పి అంటే టీమ్‌లోంచి తీసేస్తారని ఈ వయసు పిల్లలు నోరు విప్పరు. ‘నువ్వు నిజం చెబితే ఆట ఆగదు, ఒక వారం ఆలస్యమవుతుంది, అంతే’ అని ముందే మాటివ్వండి. అప్పుడు చెబుతాడు.

రెండోది, మీ అత్తగారిని అడగండి. మీ అమ్మగారికీ ఫోన్ చేయండి. రెండు వైపులా యాభై ఏళ్ల లోపు ఉన్నట్టుండి చనిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మన ఇళ్లలో ఇలాంటివి వేరే పేర్లతో దాగి ఉంటాయి. పొలంలో కుప్పకూలిన మేనమామ ‘ఎండదెబ్బకు పోయాడు’ అంటారు. చెరువులో ఈదుతూ మునిగిపోయిన ఈత వచ్చిన కుర్రాడికి ‘గాలి సోకింది’ అంటారు. అవి పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులు కూడా కావచ్చు. ఆటకు పంపే పిల్లలకు ఇక్కడి డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో కుటుంబం గురించినవి చాలా ముఖ్యం. చాలామంది తల్లిదండ్రులు ఆ కాగితం మీద తెలియకుండానే అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తారు. తెలిసిన పెద్దావిడ ఇంట్లోనే ఉండగా మీరు ఆ తప్పు చేయకండి.

డాక్టర్ సరేనన్నాక మెట్లు ఇలా ఎక్కించండి. మొదటి రెండు రోజులు పావుగంట లోపే, వేగంగా నడక, తేలిక జాగింగ్, సైకిల్. నాడి నిమిషానికి 145 దాటకూడదు. 220లోంచి వయసు తీసేస్తే 207, అందులో 70 శాతం. మణికట్టు దగ్గర 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం వాడికే నేర్పండి, ఈ వయసు పిల్లలకు అది సరదా. మూడో రోజు అరగంట, బంతితో తేలిక డ్రిల్స్. నాలుగో రోజు ముప్పావుగంట. ఐదు, ఆరు రోజులు గంట సేపు మామూలు ప్రాక్టీస్. ఈ నాలుగు రోజులూ నాడి 165 దగ్గర ఆగాలి. ఏడో రోజు పూర్తి ఆట. ఎక్కడైనా ఒంట్లో బాగోలేకపోతే అక్కడ ఆపి, డాక్టర్‌తో మాట్లాడాకే ముందుకు. మీవాడికి ఏడాది అలవాటు తప్పింది కాబట్టి ఏడు రోజులకు బదులు పది, పన్నెండు పట్టినా నేను తొందర పెట్టను. ఈ షెడ్యూలు కోచ్‌కి రాసి పంపండి. మంచి కోచ్ అయితే సంతోషిస్తారు. ‘అందరితో పాటు పరిగెత్తాల్సిందే’ అనే కోచ్ అయితే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

ఇక మాస్కు. 2021 మార్చి నాటి కాలిఫోర్నియా నియమాల ప్రకారం ప్రాక్టీస్‌లోనూ మ్యాచ్‌లోనూ, తట్టుకోగలిగినంతవరకు, మాస్కు ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు మాస్కుతో పరిగెత్తితే ఆక్సిజన్ తగ్గిపోదు. మొదటి రెండు మూడు రోజులు ఉక్కగా, చిరాగ్గా అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది. చెమటకు తడిసిన మాస్కు ముఖానికి అతుక్కుని గాలి ఆడనివ్వదు, కాబట్టి బ్యాగులో పొడివి రెండు మూడు పెట్టండి. నీళ్ల విరామంలో ఆరడుగుల దూరం జరిగి, తీసి, కాసేపు ఊపిరి పీల్చుకోమనండి. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లులు ఇది చదువుతుంటే, డాక్టర్ రాసిచ్చిన ఇన్‌హేలర్ ఆటకు పావుగంట ముందు వాడటం మరవకండి.

అసలు కోవిడ్ ఎక్కడ అంటుకుంటుందో చెప్పనా? ఆరుబయట పచ్చికలో బంతి వెంట పరిగెత్తేటప్పుడు చాలా తక్కువ. పిల్లలు ఒకరికొకరు తగిలేది క్షణాలపాటే, గాలి ఎటూ వీస్తూనే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 26 నుంచి, లక్ష జనాభాకు రోజుకు 14 కేసులు మించని కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) సాకర్ లాంటి ఆరుబయట ఆటలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చిందీ ఈ నమ్మకంతోనే. నేను భయపడేది మైదానానికి వెళ్లే దారికి. అద్దాలు బిగించిన మినీవ్యాన్‌లో ఐదుగురు పిల్లలు, అరగంట, మాస్కులు గడ్డం కింద. తర్వాత ఒకే చిప్స్ ప్యాకెట్లో అందరి చేతులు. గోల్ కొట్టాక గుంపుగా కౌగిలింత. గట్టు మీద ఒకచోట చేరి కబుర్లు చెప్పుకునే మనం. మ్యాచ్ గెలిచారని ఎవరింట్లోనో పిజ్జా. మీవాడిని మీరే దింపండి, మీరే తెచ్చుకోండి. తప్పనిసరై ఎవరినైనా ఎక్కించుకుంటే అద్దాలు దించి, మాస్కులు పెట్టుకుని, ఎప్పుడూ అదే ఒక్క కుటుంబంతో. చూడటానికి తాతలను, మామ్మలను తీసుకెళ్లవద్దు. 2021 మార్చి నాటి నియమం కూడా, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి మాత్రమే ఇంట్లోవాళ్లు రావచ్చని చెప్పింది. లాస్ ఏంజిలిస్‌లోనో ఇంకెక్కడో టోర్నమెంటని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. 2021 మార్చి నాటి నియమం ప్రకారం మీ కౌంటీ, దాన్ని ఆనుకున్న కౌంటీల జట్లతోనే మ్యాచ్‌లు ఆడాలి.

టీమ్‌లో ఎవరికైనా పాజిటివ్ వస్తే మీవాడి సంగతేమిటన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. కోవిడ్ వచ్చిన మూడు నెలల లోపు, లక్షణాలేమీ లేకపోతే, క్వారంటైన్ అక్కర్లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మార్చి నాటికి చెప్పింది. అంటే ఏప్రిల్ మధ్య దాకా. ఆ తర్వాత అందరి లాగే. లక్షణాలు లేకుండా ఊరికే టెస్టు చేయించకండి, పాత వైరస్ ముక్కలకే పాజిటివ్ చూపించి ఇల్లంతా గాభరా పెడుతుంది.

ఇక అత్తగారు. మీ ఉత్తరంలో అందరికన్నా ప్రమాదంలో ఉన్నది ఆవిడ, బాబు కాదు. దయచేసి ఇవాళే ఆమెకి టీకా అపాయింట్‌మెంట్ తీసుకోండి. కాలిఫోర్నియాలో 2021 జనవరి 13 నుంచే 65 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లందరికీ ఇవ్వడం మొదలైంది. వీసా ఏదైనా సరే. 2021లో అది ఉచితం, ఇన్సూరెన్స్ లేకపోయినా ఇచ్చేవారు. రేపు వీసాకు అడ్డమవుతుందన్న భయమూ వద్దు. ఈ సంకోచంతో ఇంట్లోనే ఉండిపోయిన తెలుగు అమ్మమ్మలు, నానమ్మలు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. 2021 మార్చి నాటి పద్ధతి ప్రకారం ఫైజర్ అయితే మూడు వారాల తేడాతో, మోడెర్నా అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. రెండో డోసు తర్వాత ఇంకో రెండు వారాలకు టీకా పూర్తయినట్టు లెక్క. అంటే ఐదారు వారాలు. అందాకా బాబు ఆడి రాగానే గరాజ్‌లో బూట్లు విప్పి, స్నానం చేసి, ఆ తర్వాతే నానమ్మ దగ్గరికి. ఆమెతో ఉన్నప్పుడు కిటికీలు తీసి ఉంచండి, భోజనం కాస్త ఎడంగా కూర్చుని చేయండి. మీకూ మీవారికీ మీ వంతు రాగానే తీసుకోండి, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు కూడా తీసుకోవాలి. 2021 మార్చి నాటికి బాబు వయసువాళ్లకు ఇంకా రాలేదు, 12 ఏళ్లు దాటిన పిల్లల మీద పరీక్షలు నడుస్తూ ఉండేవి.

కోచ్‌ని ఒక మాట అడగండి. మైదానంలో ఏఈడీ యంత్రం (ఆగిన గుండెకు షాక్ ఇచ్చేది) ఎక్కడుంది, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) తెలిసినవాళ్లు ఎవరున్నారు అని. కోవిడ్ ఉన్నా లేకపోయినా ఇది ప్రతి తల్లీ తండ్రీ అడగాల్సిందే.

చివరగా కాళ్లు. రాబోయే నెలల్లో నా క్లినిక్‌కి గుండె కన్నా ఎక్కువగా వచ్చేవి మోకాళ్లు, మడమలు. 13 ఏళ్ల పిల్లాడు ఏడాదిలో రెండు మూడు అంగుళాలు పొడుగెదుగుతాడు. ఎముక పెరిగినంత వేగంగా కండరం సాగదు. మోకాలి చిప్ప కింద, మడమ వెనక ఎముక పెరిగే చోట్లు లాగి నొప్పెడతాయి. ఏడాది ఊరుకుని ఒక్కసారిగా వారానికి నాలుగు ప్రాక్టీసులంటే అవి ఓర్చుకోలేవు. మొదటి నెల వారానికి రెండు చాలు, ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెంచండి. ఆటకు ముందు ఫిఫా 11+ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, దెబ్బలు బాగా తగ్గిస్తుందని రుజువైంది. కోచ్ చేయించకపోతే అడిగి చేయించండి. కుంటుతూ ఇంటికొస్తే ఐస్ పెట్టి రెండు రోజులు ఆపండి. తగ్గకపోతే చూపించండి, నొప్పి మాత్ర వేసి మాత్రం ఆడించకండి.

అన్నట్టు, కిందటేడు కొన్న క్లీట్స్ (సాకర్ బూట్లు) ఒకసారి తొడిగించి చూడండి. సైజు కచ్చితంగా మారి ఉంటుంది. ఈసీజీ చేయించాక అందులో ఏం వచ్చిందో నాకు రాయండి.