గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ కంప్యూటర్, నీ స్నేహితుడి కంప్యూటర్ వివరాలు పక్కపక్కన రాసి పంపావు, చూశాను. "ఒకే గేము మామయ్యా, వాడికి సెకనుకు 120 ఫ్రేములు, నాకు 50. ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటావ్?" అని అడిగావు. కార్డు సంగతి తర్వాత. ప్రాసెసర్ రాశావు, ర్యామ్ రాశావు, చివరికి క్యాబినెట్‌లో వెలిగే లైట్ల రంగు కూడా రాశావు గానీ, మానిటర్ ఊసే లేదు. మొదట రాయాల్సింది అదే.

కార్డుకు ఎంత పని పడుతుందో తేల్చేది తెర. తెర రిజల్యూషన్, అంటే అందులోని చుక్కల లెక్క, 1080పీ అయితే ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, దాదాపు 21 లక్షల చుక్కలు గీయాలి. 1440పీకి 37 లక్షలు. 4కేకి 83 లక్షలు, అంటే 1080పీకి నాలుగింతలు. అందుకే ఒక తెర మీద పరుగులు తీసే కార్డు ఇంకో తెర మీద ఆయాసపడుతుంది. తెర ఎన్ని హెర్ట్జ్ అన్నదీ చూసుకో. 75 హెర్ట్జ్ తెర సెకనుకు 75 సార్లే బొమ్మ మారుస్తుంది. 200 ఫ్రేములిచ్చే కార్డు బిగించినా మౌస్ కాస్త చురుగ్గా అనిపించొచ్చు, అంతే. ఒకవేళ నీది 144 హెర్ట్జ్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి చూడు, చాలామందికి అది 60 దగ్గరే ఉండిపోతుంది.

వాడి 120ని కూడా చూసీచూడగానే నమ్మకు. వాడిది ఆర్‌టీఎక్స్ 4060 కదా, అందులో ఫ్రేమ్ జనరేషన్ ఉంది. నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య ఇంకోటి ఊహించి చేరుస్తుంది. అంకె పెరుగుతుంది, చూపుకు నున్నగా ఉంటుంది, కానీ నువ్వు మౌస్ కదిపితే ఆట స్పందించే వేగం దానితో పెరగదు. దాన్నీ, తక్కువ చుక్కలతో గీసి బొమ్మను పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్‌నీ ఆపేసి, ఒకే రిజల్యూషన్‌లో, ఆటలో ఒకే చోట ఇద్దరూ కొలవండి. సగటుతో పాటు '1% లో' (low) అని చూపించే అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం, కూడా రాసుకోండి. సగటు 90 ఉండి అది 25 ఉంటే ఆట తడబడుతూనే ఉంటుంది.

ఇక నీ మెషీన్. కొనే ముందు ఒక పరీక్ష చెయ్. గ్రాఫిక్స్ సెట్టింగులు అలాగే ఉంచి రిజల్యూషన్ మాత్రం 720పీకి దించు. ఫ్రేములు బాగా పెరిగితే కార్డే చాలడం లేదన్నమాట. పెద్దగా పెరగలేదంటే ప్రాసెసరో ర్యామో వెనక్కి లాగుతోంది, ఎంత కార్డు తెచ్చినా ఫలితం ఉండదు.

నాకు నీ ర్యామ్ మీద అనుమానంగా ఉంది. 16 జీబీ ఒకే స్టిక్ అన్నావు. నీ రైజెన్ 5 3600 ప్రాసెసర్ ర్యామ్‌తో రెండు ఛానెళ్ల మీద, అంటే రెండు దారుల్లో, పనిచేస్తుంది, ఒక్క స్టిక్ పెడితే సగం దారి మూసేసినట్టే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర వేగం చూడు. 3200 స్టిక్ కొన్నా అక్కడ 2133 అనో 2400 అనో కనిపిస్తే, బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదన్నమాట. అది ఆన్ చేయడానికి పైసా ఖర్చు లేదు. రెండో స్టిక్ కొంటే మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలోనే పెట్టు. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ.

పరీక్షలో కార్డే దోషి అని తేలితే అప్పుడు మాట్లాడుకుందాం. నువ్వు మనసు పడ్డ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం వద్దే వద్దు. మదర్‌బోర్డుతో డేటా నడిపే దారులు, అంటే పీసీఐఈ లేన్లు, దానికి నాలుగే. కొత్త బోర్డుల్లో ఏదోలా నెట్టుకొస్తుంది గానీ, నీ బీ450 బోర్డు పాత తరం పీసీఐఈ 3.0 కదా, అక్కడ ఆ దారి ఇంకా సగమైపోతుంది. పైగా మెమరీ 4 జీబీ. అది నిండగానే మిగతా సరంజామా అంతా ఆ ఇరుకు దారిలోంచే ర్యామ్‌కూ కార్డుకూ మధ్య తిరగాలి. ఆట రికార్డు చేసుకుందామన్నా వీడియో ఎన్‌కోడర్ లేదు. నీ జీటీఎక్స్ 1650 తీసి దీన్ని పెట్టడం దండగ.

1080పీకి 8 జీబీ కార్డు చూడు. ఆర్‌ఎక్స్ 6600 గానీ 4060 గానీ ఎనిమిది లేన్లవి, నీ బోర్డులో బాగానే నడుస్తాయి. 1440పీ తెర కొనే ఆలోచన ఉంటే 12 జీబీకి తగ్గకు. పేరు చూసి మోసపోకు కూడా. ఆర్‌టీఎక్స్ 3060 పేరుతో 12 జీబీదీ ఉంది, 8 జీబీదీ ఉంది. రెండోదానికి మెమరీ తగ్గడమే కాదు, మెమరీకి వెళ్లే దారి (బస్) కూడా 192 బిట్ల నుంచి 128కి పడిపోయింది. ల్యాప్‌టాప్ కార్డుల సంగతి సరేసరి. 4070 అని రాసి ఉంటుంది, డెస్క్‌టాప్‌ది 12 జీబీ, ల్యాప్‌టాప్‌ది 8.

చివరిగా ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా. దాని మీద 450 వాట్లు అని పెద్దక్షరాలతో ఉంటే చాలదు, పక్కన అతికించిన స్టిక్కర్‌లో 12 వోల్ట్‌ల గడి చదువు. అక్కడ 20 ఆంపియర్లే ఉంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి దక్కేది 240 వాట్లే. కార్డుకు స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, మిగతాది కేబుల్‌తో రావాలి. 8 పిన్ కేబుల్ లేదని పాత డ్రైవులకు వాడే మోలెక్స్ ప్లగ్గుకు అడాప్టర్ తగిలించే పని పెట్టుకోకు.

ఆ స్టిక్కర్ ఫోటో తీసి పంపు. క్యాబినెట్ వెనక పట్టీ నుంచి ముందు ఫ్యాన్ దాకా కార్డు పట్టేందుకు లోపల ఎన్ని మిల్లీమీటర్ల చోటుందో టేపు పెట్టి కొలువు. 720పీ పరీక్ష అంకెలు కూడా రాయి. అవి చూశాకే కార్డు పేరు చెప్తాను, అందాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.

మీ మామయ్య