సంఘమా, సమాఖ్యా, పాలక మండలా?

సందేహం: మా అబ్బాయి బడి గోడపత్రికకు బీఎంఎక్స్ సైకిల్ పందేల గురించి రాస్తూ 'అంతర్జాతీయ పాలక మండలి' అన్నాడు. ఉపాధ్యాయురాలు 'సమాఖ్య' అని దిద్దారు. ఆ సంస్థ అసలు పేరు 'అంతర్జాతీయ సైక్లింగ్ యూనియన్' (యూసీఐ). పేరులో 'యూనియన్' అని ఉంది కదా, 'సంఘం' అనవద్దా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: దిద్దుబాటు సరైనదే. మీ అబ్బాయి మాట ఎందుకు కుదరదో మన ఊళ్లోనే చూడవచ్చు. మహా విశాఖ నగర పాలక సంస్థ వేరు, దాని పాలకవర్గం వేరు. ఎన్నికలతో మారేది పాలకవర్గమే. పాలక మండలీ అంతే, కూర్చుని నిర్ణయాలు చేసే మనుషులు. దేవస్థానానికి పాలక మండలి ఉంటుంది గాని దేవస్థానమే పాలక మండలి కాదు.

ఇక సంఘానికీ సమాఖ్యకూ తేడా డ్వాక్రా మహిళలకు నిఘంటువులకన్నా బాగా తెలుసు. పదిమంది చేరితే సంఘం. సంఘాలు చేరితే గ్రామ సమాఖ్య, అవి చేరితే మండల సమాఖ్య. (సంస్కృతంలో సమాఖ్య అంటే 'పేరు'. ఫెడరేషన్ బరువు తర్వాత మోపిందే.)

ఈ కొలతతో బీఎంఎక్స్ చరిత్ర చూడండి. 1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటార్‌సైకిళ్ల మట్టిబాట పందేన్ని, అంటే మోటోక్రాస్‌ను, అనుకరిస్తూ, 20 అంగుళాల చక్రాల సైకిళ్లతో మట్టిదిబ్బలెక్కారు. బీఎంఎక్స్ అంటే బైసికిల్ మోటోక్రాస్, పేరులోని 'ఎక్స్' క్రాస్‌కు గుర్తు. మోటారు లేకపోయినా 'మోటో' మాత్రం పోలేదు: తొలి రౌండ్లను ఇప్పటికీ 'మోటో'లనే అంటారు. 1974లో నేషనల్ బైసికిల్ లీగ్, 1977లో అమెరికన్ బైసికిల్ అసోసియేషన్ పుట్టాయి. 2011లో రెండూ ఒకటై యూఎస్ఏ బీఎంఎక్స్ అయ్యాయి. పోటీపడే పిల్లలే నేరుగా సభ్యులుగా చేరేవారు కనుక అవి సంఘాలు. లీగ్‌ను 'సమితి' అన్నా తప్పు పట్టను, లీగ్ ఆఫ్ నేషన్స్‌ను నానాజాతి సమితి అన్నాం కదా.

1981లో వచ్చిన ఇంటర్నేషనల్ బీఎంఎక్స్ ఫెడరేషన్ పేరులోనే సమాఖ్య. మరుసటి ఏడాదే తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. చిక్కంతా 1993లో ఈ ఆటను చేతిలోకి తీసుకున్న యూసీఐతో, అంటే 1900లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ సైక్లింగ్ యూనియన్‌తో. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ అడుగుపెట్టేనాటికి పెత్తనం దీనిదే.

యూనియన్ అన్న ఒక్క మాటకు తెలుగు రెండు దారులు తీసింది. ఉక్కు కర్మాగారం గేటు దగ్గర జెండా ఎగరేసే యూనియన్ కార్మిక సంఘం. దేశాలు చేరిన యూరోపియన్ యూనియన్ ఐరోపా సమాఖ్య. బోర్డు మీద పేరు కాదు, లోపల సభ్యులెవరన్నది చూశాం. యూసీఐలో సభ్యులు దేశాల సైక్లింగ్ సమాఖ్యలు. కాబట్టి అదీ సమాఖ్యే.

'పందేలు' అని రాసినందుకు మీ అబ్బాయిని మెచ్చుకోండి. కోడిపందేల వాసన వస్తుందని కొందరు దాన్ని కొట్టేసి 'పోటీలు' అని దిద్దుతారు. పరుగుపందెంలో ఎవరూ డబ్బు కాయరు కదా!