ఇందుమతా, వసుమతా, భానుమతా?

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. నేను ట్రాన్స్ మహిళను, వయసు ముప్పై ఆరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వదిలేయాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాను. ఇంట్లోవాళ్లు కూడా సరే అన్నారు. చిక్కల్లా కొత్త పేరు దగ్గరే వచ్చింది. నాకు పాతకాలం పేర్లంటే ప్రాణం. స్నేహితులు చెప్పే రెండక్షరాల కొత్త పేర్లు ఏవీ నావి అనిపించడం లేదు. ఏరి ఏరి చివరికి మూడు మిగిల్చుకున్నాను: ఇందుమతి, వసుమతి, భానుమతి. మూడూ ఒకేలా ఉండటంతో ఒక్కో రోజు ఒక్కోటి బాగుందనిపిస్తోంది.

ఆఫీసులో కొందరికి భానుమతి అని చెప్పి చూశాను. మర్నాటికే అది 'భాను' అయిపోయింది. కొత్తవాళ్లెవరో ఫోన్ చేసి 'భాను గారున్నారా, ఆయనతో మాట్లాడాలి' అన్నారు. ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. పోనీ ఇందుమతి అనుకుంటే, ఒక స్నేహితురాలు 'చంద్రుడిలా పెరుగుతూ తరుగుతూ ఉండే మతి అని అర్థం, నిలకడ ఉండదు' అంది. తను సరదాకే అన్నా నాకు ఆ మాట పట్టుకుంది. వసుమతి అంటుంటే నాకెంతో హాయిగా ఉంటుంది. కానీ ఎవరికి చెప్పినా రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. ఒకసారి సర్టిఫికెట్లలోకి ఎక్కాక మళ్లీ మార్చడం కష్టమని టెన్షన్. ఇంత పాత పేరు పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారేమోనని ఇంకో భయం. ఏం చేయమంటారు?
– పేరు ఇంకా తేలని పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి భయం సంగతి చూద్దాం. నవ్వరు. నేను చాలాకాలం తెలుగు టీచరుగా పనిచేశాను. రోజూ పొద్దున్నే అటెండెన్స్ పిలవడంతోనే నా రోజు మొదలయ్యేది. పేర్లకు కూడా గాలివాటం ఉంటుంది. ఒక్కో ఏడాది ఒకే పేరుతో ముగ్గురు నలుగురు పిల్లలు వచ్చేవారు, వాళ్లను ఇంటి పేరు మొదటి అక్షరంతో గుర్తుపట్టాల్సి వచ్చేది. వాళ్ల మధ్య ఒక సుభద్రో, ఒక కాత్యాయనో ఉంటే ఆ పేరు చదివేటప్పుడు నా గొంతు నాకు తెలియకుండానే కాస్త సర్దుకునేది. మొదటి వారం పక్కపిల్లలు కొత్తగా చూసేవారు, ఆ తర్వాత అది ఆ అమ్మాయి పేరు, అంతే. ముప్పై ఆరేళ్ల మనిషికి పాత పేరు బాగా నప్పుతుంది. ఇప్పుడు పుట్టే పాపలకు పెట్టే పేరు పెట్టుకుంటే అది మీ వయసుకు అతకదు. మీకది మొదటి నుంచీ తెలుసు, అందుకే కొత్త పేర్లు మీవి అనిపించలేదు.

ఇక మీ స్నేహితురాలి మాట. అది తప్పు, పూర్తిగా తప్పు. ఈ మూడు పేర్లలో ఉన్న మతికి, బుద్ధి అనే అర్థమిచ్చే మతికి సంబంధం లేదు. శ్రీమతి అని రోజూ రాస్తాం. అందులో బుద్ధి ఊసే లేదు, శ్రీ గలది అని అర్థం. మగవారికి శ్రీమంతుడు, ఆడవారికి శ్రీమతి. ఇందుమతీ అలాంటిదే: చంద్రుడు గలది. నిండు పున్నమికి ఆ మాట వాడతారు. అంటే పెరగడం తరగడం అటుంచి, చంద్రుడు పూర్తిగా ఉన్న రోజన్నమాట. భానుమతి అంటే కాంతి గలది. వసుమతి అంటే సంపద గలది, అందుకే భూమికి ఆ పేరు. నిజంగా బుద్ధి అనే మతి ఉన్నది సుమతిలో. అది వేరే పేరు, ఆ పేరుతో మనకు ఇంకాసేపట్లో పని పడుతుంది. ఇక్కడికి అర్థాల గొడవ వదిలేయండి. మూడింటికీ అర్థాలు మంచివే కాబట్టి అర్థాన్ని బట్టి ఎంపిక తేలదు.

మరి దేన్ని బట్టి తేలుతుంది? పేరు మీదే అయినా రోజంతా దాన్ని వాడేది ఇతరులు. వాళ్ల నోట్లో పడి అది ఏమవుతుందో చూడాలి. నాలుగక్షరాల పేరును ఎవరూ నాలుగక్షరాలుగా ఉంచరు. రెండు రోజుల్లో అది భాను, వసు, ఇందు అయి తీరుతుంది. మీరు బతకబోయేది ఎక్కువగా ఆ రెండక్షరాలతోనే.

ఆ లెక్కన భానుమతిని పక్కన పెట్టమంటాను. పేరులో లోపముందని కాదు. భానుమతీ రామకృష్ణ గారు ఆ పేరుకు ఇచ్చిన దర్జా సామాన్యమా! నటి, గాయని, రచయిత్రి. 1953లోనే ఒక సినిమాను తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీసిన దర్శకురాలు. ఆ పేరు వినగానే తలెత్తుకుని మాట్లాడే ఆడమనిషి కళ్ల ముందు మెదులుతుంది. మీరు ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. కానీ భాను అనే పొట్టి పేరు మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఉమ్మడి. కొందరికి ఆ ఉమ్మడితనమే నచ్చుతుంది. మీకు నచ్చలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఒక్క 'ఆయన' మీకు రోజంతా బాధ మిగిల్చింది. అంతగా పట్టించుకోవాలా అని మిమ్మల్ని మీరు కోప్పడకండి. ఆ మాట ఇక వినకూడదనే కదా ఇంత ప్రయాణం చేశారు! అదే మాటకు మళ్లీ దారి ఇచ్చే పేరు, ఎంత గొప్పదైనా, మీకొద్దు.

వసుమతి దగ్గర ఇబ్బంది వేరు. చెబితే ఒక్కసారికి అర్థం కావడం లేదన్నారు, దానికి కారణముంది. వసుమతిలో నాలుగూ లఘువులే, అంటే పొట్టిగా పలికే అక్షరాలే. ఇందుమతిలో 'ఇం', భానుమతిలో 'భా' గురువులు, అంటే నిలిపి పలికేవి. వినేవాళ్ల చెవి ఆ గురువును పట్టుకుని మిగతాది అందుకుంటుంది. వసుమతికి మొదట్లో అలాంటి పట్టు లేదు. ఫోన్‌లో ఆ మొదటి 'వ' కాస్త జారిందంటే వాళ్లకు వినపడేది సుమతి. అదీ నిజమైన పేరే కాబట్టి వాళ్లకు అనుమానం కూడా రాదు, హాయిగా సుమతి అని రాసుకుంటారు. మీరు 'కాదండీ, వ, వసుమతి' అని సరిదిద్దుతూనే ఉండాలి. పేరు కొత్తగా మార్చుకున్న మనిషికి సరిదిద్దే పని ఇప్పటికే చాలా ఉంటుంది. పాత పేరుతో పిలిచేవాళ్లను సరిదిద్దాలి, కాగితాలు సరిదిద్దించాలి. దానికి తోడు ఇది కూడానా? ఇంకొకటి, వసును కాస్త సాగదీస్తే వాసు అవుతుంది. అది మగపేరని వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఆ పేరు అంటుంటే హాయిగా ఉంటుందన్నారే, ఆ మాటను నేను కొట్టిపారేయను. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో మగధ రాణి వసుమతి. కవి కేతన ఆ కథను తెలుగులోకి తెచ్చాడు. అంత పాత పేరు మళ్లీ ఒకరి నోట వింటే నాకూ సంతోషమే. సరిదిద్దే ఓపిక ఉంటే, వాసు అన్న మాట పడినా గుచ్చుకోదనుకుంటే, నిస్సందేహంగా పెట్టుకోండి.

నన్నడిగితే మాత్రం ఇందుమతి. పొట్టిగా ఇందు అన్నా అది ఆడపేరుగానే వినపడుతుంది. ఎంత దూరం నుంచి పిలిచినా మొదటి అక్షరం గట్టిగా పలుకుతుంది. అరవై ఏళ్లకు ఇందుమతి గారు, ఇప్పుడు ఇందు. రెండూ అతికినట్టు ఉంటాయి.

ఒక సంగతి ముందే చెప్పాలి, రేపు ఎవరో చెబితే మీరు కంగారు పడకూడదు. కాళిదాసు రాసిన రఘువంశంలో ఇందుమతి అజుడి భార్య, దశరథుడి తల్లి. నారదుడి వీణ మీద నుంచి జారిన పూలమాల తగిలి ప్రాణం విడుస్తుంది. అజుడు ఏడుస్తూ ఆమెను 'గృహిణివి, మంత్రివి, సఖివి, కళల్లో ప్రియశిష్యవు' అని తలుచుకుంటాడు. విషాదమే. కానీ అదే ఇందుమతి స్వయంవరం కూడా చదవండి. ఒక్కో రాజు ముందు నిలబడుతుంది. అతని గొప్పలన్నీ ద్వారపాలిక సునంద చెబుతుంటే వింటుంది, వద్దనుకుంటే ముందుకు నడుస్తుంది. తొందర లేదు, మొహమాటం లేదు. తనకు కావలసింది తేల్చుకున్నాకే దండ వేస్తుంది. కాళిదాసు ఆమెను రాత్రివేళ నడిచి వెళ్లే దీపశిఖతో పోల్చింది అక్కడే. ఆ పోలిక వల్లే ఆయనకు దీపశిఖా కాళిదాసు అని పేరొచ్చింది. ఎవరైనా పూలమాల కథ ఎత్తితే మీరు దీపశిఖ కథ చెప్పండి.

కాగితాల మీదికి వెళ్లేముందు పేరును కొన్నాళ్లు వాడి చూడండి. ఇంట్లో ఒకరిని, బయట ఒకరిని అడిగి, ఒక వారం ఇందుమతి అని, మరో వారం వసుమతి అని పిలిపించుకోండి. ముద్దుగా కాదు, మామూలుగా. 'ఇందూ, మళ్లీ గీజర్ ఆపలేదు', 'వసుమతి గారూ, ఆ ఫైల్ ఎక్కడ పెట్టారండీ', అలా. ముద్దుగా పిలిస్తే ఏ పేరైనా బాగానే ఉంటుంది. విసుక్కుంటూ పిలిచినప్పుడు కూడా మీకు పరాయిగా అనిపించని పేరు ఏదో చూడండి. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు, పని ఆలస్యమై ఎవరో కసురుకున్నప్పుడు కూడా మోయాల్సింది ఆ పేరునే.

తేలాక స్పెల్లింగు విషయంలో జాగ్రత్త. ఇంగ్లీషులో ఈ 'తి'ని కొందరు టి, ఐ అని, మన వైపు ఎక్కువమంది టి, హెచ్, ఐ అని రాస్తారు. రెండూ చెల్లుతాయి. కానీ ఒక చోట హెచ్ ఉండి మరో చోట లేకపోతే కాగితాల మీద ఇద్దరు మనుషులవుతారు. మొదటి దరఖాస్తుకు ముందే ఒకటి ఖాయం చేసుకుని అన్నిటా అదే రాయండి. ఇందుమతిలో మొదటిది పెద్ద ఐ. కంప్యూటర్ అచ్చులో ఒక్కోసారి అది చిన్న ఎల్ లాగా కనిపిస్తుంది, కాబట్టి ఈమెయిలు రాసిచ్చేటప్పుడు అది 'ఐ' అని విడిగా చెప్పండి. కాగితాల్లో పూర్తి పేరే ఉండాలి. ఇందు అని మాత్రం ఎక్కించకండి, పొట్టి పేరు పిలుపు వరకే. పాత పేరునూ కొత్త పేరునూ కలిపే పత్రం ఏదైతే మీ చేతికి వస్తుందో దాని నకళ్లు నాలుగైదు తీసి దాచుకోండి. చదువు సర్టిఫికెట్ల దగ్గర దాని అవసరం మళ్లీ మళ్లీ పడుతుంది.

ఏ పేరు ఖాయమైందో నాకు రాయండి. ఈసారి ఉత్తరం కింద సంతకం చూడాలని ఉంది.

ప్రశ్న: మేడమ్, నా పేరు సుమిత్ర. ఇన్నాళ్లూ తమ్ముడనుకున్న మనిషి ఇప్పుడు నాకు చెల్లెలు. ఆ విషయంలో నాకే ఇబ్బందీ లేదు. కానీ తను సుభద్ర అని పేరు పెట్టుకుంది. సుమిత్ర, సుభద్ర! బంధువులు ఫోన్‌లో తికమక పడుతున్నారు, నాకొచ్చే ఫోన్లు తనకు, తనవి నాకు. ఇన్ని పేర్లుండగా నా పేరులాంటిదే ఎందుకు? మార్చుకోమని అడగొచ్చా?

జవాబు: మార్చుకోమని అడగకండమ్మా. ఎందుకు పెట్టుకున్నావని మాత్రం ప్రేమగా అడగండి. మన కథల్లో చెల్లెలు అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు సుభద్ర. బలరాముడికీ కృష్ణుడికీ చెల్లెలు, ఇద్దరికీ గారాలపట్టి. అక్క పేరు సుమిత్ర అయినప్పుడు పక్కన సరిగ్గా ఇమిడే చెల్లెలి పేరు ఇంతకన్నా ఏముంది? మీ పేరు లాక్కున్నట్టు మీకు తోచింది. మీ తర్వాతి స్థానం తనదని చెప్పుకున్నట్టు నాకు తోస్తోంది. నిజం తనే చెప్పాలి. అందుకే అడగమంటున్నాను.

తికమక సంగతి నిజమే. సు తో మొదలై ద్ర, త్రలతో ముగిసే రెండు పేర్లు ఫోన్‌లో కలిసిపోతాయి. ఇంట్లోవాళ్లంతా ఆమెను భద్ర అని, మిమ్మల్ని సుమి అని పిలవడం మొదలుపెట్టండి. బంధువులూ అదే అందుకుంటారు.