గుర్రాలు రెండే

అమ్మాయీ,

నీ కదేష్ యుద్ధం కథ రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి, ఆ కోపం సబబేనా అని చూసుకోడానికి చదివాను. సబబే.

ఈజిప్టు రాజు రామెసెస్ రథానికి నాలుగు గుర్రాలు కట్టావు. చక్రాలకు ఇనప పట్టాలు వేశావు. భూమి దద్దరిల్లిందన్నావు. ఎక్కడిదమ్మా ఈ రథం? తిరునాళ్ళదా, సినిమాదా? క్రీ.పూ. 1274 ప్రాంతంలో ఈజిప్టు రథానికి రెండే గుర్రాలు. మనుషులూ ఇద్దరే, పగ్గాలకొకడు, విల్లుకొకడు. ముగ్గురెక్కింది అవతలి పక్షం, హిట్టైట్లు. ఇక బండి అంటావా, ఇద్దరు కలిసి ఎత్తుకుపోగలిగేంత తేలిక. టుటంఖామున్ అనే ఇంకో ఈజిప్టు రాజు సమాధిలో 1922లో ఆరు రథాలు బయటపడ్డాయి. దారి ఇరుకని ఇరుసులు కోసి మరీ లోపల పెట్టారట! చక్రానికి ఆరు ఆకులు. వంచిన కర్రను పచ్చితోలుతో తడి మీదే చుట్టేస్తారు. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని కర్రను పట్టేస్తుంది. నిలబడే చోట పలక ఉండదు, మన నులక మంచంలా అల్లిన తోలు పట్టీలుంటాయి. గుంతలో పడ్డా ఆ కుదుపు విలుకాడి మోకాళ్ళదాకా రాదు. ఇదంతా వదిలేసి ‘వాయువేగం’ అని ఒక్క మాటతో సరిపెట్టేశావు.

నాకు ఈ పిచ్చి పట్టించింది ఒక జట్కా ఆయన. 1974లో రాజమండ్రి స్టేషన్ బయట బండెక్కి హాయిగా వెనక్కి వాలాను. ‘‘బాబూ, కాస్త ముందుకు జరగండి, గుర్రానికి పట్టీ కోస్తోంది’’ అన్నాడు. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేచి పొట్ట కింది పట్టీ బిగుస్తుంది, మరీ ముందుకొస్తే బరువంతా దాని వీపు మీదే. ఈజిప్టు వడ్రంగులు ఇరుసును బండికి బాగా వెనగ్గా పెట్టారు. మనిషి బరువు కొంచెం కాడి మీదికి పోతుంది, మలుపులో బండి తిరగబడదు. ఆ జట్కా ఆయన మీద కథ రాసి పంపితే, ఎడిటరుగారు ఈ జరగడమూ పట్టీ ఉన్న అరపేజీ కొట్టేసి, నేను మొహమాటానికి పెట్టిన ప్రేమ మాత్రం ఉంచారు. పైగా ‘‘పాఠకులకు బోరు’’ అని ఒక కార్డు. యాభై ఏళ్ళయినా ఆ కార్డు పారేయలేదు.

ఇంకో సంగతి. నీ సారథి మెన్నాకు భయమే లేదు. గుడి గోడల మీద రామెసెస్ చెక్కించుకున్న కీర్తిపాటలోనే, శత్రు రథాలు చుట్టుముట్టేసరికి మెన్నా గుండె జారిపోయిందని ఉంది. సొంత డబ్బా కొట్టుకునే రాజే ఆ మాట ఉంచాడు, నువ్వెందుకు తీసేశావు? ఆ పాటలోనే గుర్రాల పేర్లూ ఉన్నాయి. ‘థీబ్స్‌లో విజయం’ ఒకటి, ‘ముత్ సంతోషించింది’ ఇంకొకటి. థీబ్స్ వాళ్ళ నగరం, ముత్ వాళ్ళ దేవత. ఇకపై రోజూ తన ఎదుటే వాటికి మేత పెట్టిస్తానంటాడు రాజు. నీ కథ ఆ మేత దగ్గర మొదలుపెట్టి చూడు.

రాత్రి దివిటీ వెలుగులో మెన్నా పగ్గాలకు ముడి వేసే చోటు బాగుంది. కలం పేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్నదీ తర్వాత చూద్దాం. తిరగరాసి పంపు. గుర్రాలు రెండే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు