ఉన్ని తిరునాళ్ళకు వెళ్ళే శ్రావణికి

చి. శ్రావణికి ఆశీస్సులు.

అమెరికాలో జరిగే గొర్రెల, ఉన్ని తిరునాళ్ళు, అదే మేరీలాండ్ షీప్ అండ్ వుల్ ఫెస్టివల్‌కు వెళ్తున్నావని తెలిసి సంతోషం. మే నెల మొదట్లో, వెస్ట్ ఫ్రెండ్‌షిప్‌లోని హోవర్డ్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో జరుగుతుంది. శనివారం ఐ-70 హైవే నుంచి దిగే దగ్గర కార్లు బారులు తీరతాయి, పొద్దున్నే బయల్దేరు. వానపడితే ఆ మైదానం బురద బురద. చెప్పులొద్దు, కాలంతా మూసే బూట్లు వేసుకో.

ఏం అల్లబోతున్నావో ఇంట్లోనే తేల్చుకుని, ఎన్ని మీటర్ల దారం పడుతుందో కాగితం మీద రాసుకుని వెళ్ళు. అక్కడి రంగులు చూస్తే లెక్కలు గుర్తుండవు. నీ కొలతకు వర్‌స్టెడ్ అనే మధ్యరకం మందం దారంతో స్వెటరైతే 1,100 మీటర్లు వేసుకో. 100 గ్రాముల చిలపకు 200 మీటర్లుంటే ఆరు చిలపలు, పైన ఇంకొకటి. అన్నీ ఒకేసారి ఒకే తొట్టిలో రంగు అద్దినవి అడుగు. చేత్తో అద్దినవి ఒకే తొట్టివైనా తేడా కనిపిస్తాయి, అందుకే రెండు చిలపలు పెట్టుకుని రెండేసి వరుసలకు మార్చి మార్చి అల్లాలి. ముదురు ఎరుపు, నీలం కొనేముందు అమ్మేవాళ్ళను అడిగి, రంగు దిగుతుందేమో తడి తెల్ల కాగితంతో దారం కొసను రుద్ది చూడు.

మెత్తదనం వేళ్ళకు తెలియదు, మెడకు ఆనించి చూడు. అలాగని మెత్తనిదే గొప్పదనుకోకు. మన దక్కనీ గొర్రె ఉన్ని గరుకే, గొంగడికి పనికొచ్చేది అదే.

ముడి ఉన్ని, అంటే గొర్రె మీంచి కత్తిరించి ఇంకా కడగనిది, కొనాలనుంటే అమ్మకం ఏ రోజు, ఎన్నింటికి మొదలవుతుందో ముందే చూసుకో. మంచివి మొదటి గంటలోనే పోతాయి. పెన్సిలంత పాయ తీసి, రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర ఠక్కున లాగు. తీగ మీటినట్టు మోగితే గట్టి ఉన్ని. చిటపటమంటే వదిలెయ్. ఆ గొర్రెకు జబ్బు చేసినప్పుడో, ఈనినప్పుడో, మేత చాలనప్పుడో పెరిగిన చోట పోగు సన్నబడుతుంది, దువ్వెన వేయగానే అక్కడే తెగి ఉండలు కడుతుంది. తర్వాత కత్తెరపడ్డ వైపు తిప్పి చూడు. పొట్టి ముక్కలు రాలుతున్నాయంటే కత్తిరించినవాళ్ళు ఒకే చోట రెండుసార్లు కత్తెర ఆడించారన్నమాట. అవి వడికేటప్పుడు గింజల్లా తగులుతాయి. గడ్డిపరకలు దులిపితే పోతాయి, మెడ దగ్గర ఇరుక్కున్న ముళ్ళకాయలు మాత్రం పోవు.

తూకం చూసి మురిసిపోకు. మెరినో జాతి గొర్రె ఉన్నిలో సగం దాకా జిడ్డూ మట్టే, కడిగితే పోతుంది. కొత్తగా వడికేవాళ్ళకు కారిడేల్, రామ్నీ జాతుల ఉన్ని హాయి. ఒక గొర్రె ఉన్ని మొత్తం అపార్ట్‌మెంట్‌లో కడగలేవు. కడిగి, దువ్వి, వడకడానికి పాయగా సిద్ధం చేసిన ఉన్ని, అదే రోవింగ్, 500 గ్రాములు తెచ్చుకో, నా మాట విను.

కొంచెం ముడి ఉన్ని తెచ్చినా, కడిగే నీళ్ళు 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. సబ్బునీళ్ళలో ముంచి ఇరవై నిమిషాలు వదిలెయ్. చల్లారనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ పోగుకే అంటుకుని బంకబంకగా తయారవుతుంది. కలపకూడదు, కుళాయిధార పడకూడదు, వేడినీళ్ళలోంచి తీసి చన్నీళ్ళలో వేయకూడదు. అలా చేస్తే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని ఉన్ని మొత్తం అట్ట కట్టేస్తుంది.

గొర్రెల కొట్టాల్లో పెంచేవాళ్ళను అడగందే ముట్టుకోవద్దు. ఒప్పుకుంటే తల మీద కాకుండా గడ్డం కింద చెయ్యి పెట్టు. భుజం దగ్గర రెండు అరచేతులతో ఉన్ని విడదీస్తే, పైన మాసినా లోపల తెల్లగా మెరుస్తూ ఉంగరాలు తిరిగి కనిపిస్తుంది. పిల్లలు బిస్కెట్లు, రొట్టె పెట్టకుండా చూడు, వాటి కడుపు పాడవుతుంది. బయటికొచ్చాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి, శానిటైజర్ చాలదు.

ఇంటికొచ్చాక ముడి ఉన్నిని మిగతా దారాలతో కలపకుండా, సంచి మూతి బిగించి వేరే గదిలో పెట్టు, చిమ్మటలు ఉండొచ్చు. ఏ జాతి గొర్రెదో, ఎంత బరువో, ఎవరి దగ్గర కొన్నావో చీటీ రాసి అందులోనే వెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ