ఉసిరికి ‘అఫిసినాలిస్’, అల్లానికి ‘అఫిసినాలే’

సందేహం: ఆయుర్వేద మందు సీసా మీద ఉసిరికి ‘ఎంబ్లికా అఫిసినాలిస్’ అనీ, అల్లానికి ‘జింజిబెర్ అఫిసినాలే’ అనీ ఉంది. రెండింట్లో ఏది అచ్చుతప్పు? ఈ మాటకూ ‘ఆఫీసు’కూ చుట్టరికం ఉందా?

సమాధానం: ఏదీ అచ్చుతప్పు కాదు. ఇవి మొక్కల శాస్త్రీయ నామాలు, లాటిన్ పద్ధతిలో పెట్టినవి. లాటిన్‌లో విశేషణం తన విశేష్యపు లింగాన్ని బట్టి చివర మార్చుకుంటుంది. మన ‘మంచి’కి ఆ బాధ లేదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం. సుందరః, సుందరీ, సుందరమ్ అని వల్లెవేసినవారికి మాత్రం ఇది కొత్త కాదు. కాకపోతే ఈ విశేషణానికి రూపాలు రెండే. పుంలింగానికీ స్త్రీలింగానికీ కలిపి అఫిసినాలిస్, నపుంసకానికి అఫిసినాలే. ఎంబ్లికా స్త్రీలింగం, జింజిబెర్ నపుంసకం.

దీని మూలం ‘అఫిసినా’. పాత రూపం ‘ఒపిఫిసినా’. ‘ఒపుస్’ అంటే పని, ‘ఫాసెరె’ అంటే చేయడం. అంటే పనిచేసే చోటు, కార్ఖానా. మధ్యయుగాల్లో క్రైస్తవ మఠాల్లో మందులు దాచే గదికి ఈ పేరు స్థిరపడింది. దానికి ‘-ఆలిస్’ చేరి ‘మందుల కొట్టుకు చెందిన’ అనే విశేషణం పుట్టింది. ‘ఆఫీసు’ వచ్చింది ‘అఫిసియుమ్’ నుంచి. అందులోనూ ఉన్నవి ఆ పని, చేయడమే కాబట్టి రెండూ దాయాదులు; ఒకదాని బిడ్డ మరొకటి కాదు.

చెరకు పేరు చూస్తే మీకు ఇంకో సందేహం వస్తుంది, ముందే చెబుతాను: సాకరమ్ అఫిసినారమ్. సాకరమ్ నపుంసకమే, మరి అఫిసినాలే ఎందుకు కాలేదు? ఇక్కడున్నది అసలు విశేషణం కాదు. అఫిసినాకు షష్ఠీ బహువచనం, ‘మందుల కొట్ల’ అని. షష్ఠిలో ఉన్న మాటకు పక్క మాట లింగంతో పని లేదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఖాయం చేసిన పేరిది. మధ్యయుగపు యూరప్‌లో చక్కెర మందుల కొట్లో అమ్మే సరుకు మరి!

ఉసిరికి ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాడే పేరు ‘ఫిల్లాంథస్ ఎంబ్లికా’. దీన్ని ‘ఎంబ్లికస్’ అని దిద్దాలని చూడకండి. ఎంబ్లికా అక్కడ నామవాచకం, ఫిల్లాంథస్ పుంలింగమైనా అది మారదు.